వదిన విప్పిన పంపు

ఆ వీధివాళ్లకు ఆమె పంపులక్క. ఇరవై రెండేళ్లుగా కార్లలో పెట్రోలు పంపులు బాగుచేయడమే పని. ఇంటి ముందుగదిలో, కిటికీ వెలుగు పడేచోట బల్ల వేసుకుని కూర్చుంటుంది. పనిలో ఉన్నప్పుడు కబుర్లు పెట్టినవాళ్లచేత కిందపడ్డ స్క్రూలు వెతికిస్తుంది.

ఆమె కాపురానికి వచ్చేనాటికి మరిది మూడు చక్రాల సైకిలు తొక్కేవాడు. ఇప్పుడు రేసు కారు నడుపుతున్నాడు. ఒక సోమవారం పొద్దున్నే మొహం వేలాడేసుకుని వచ్చి, కాలిపోయిన పంపు బల్లమీద పెట్టాడు.

"రెండో రేసులోనూ సగంలోనే ఆగిపోయింది వదినా. కొత్త పంపే!"

"కొత్తది నన్ను అడిగి కొనలేదే?"

అతను నేలచూపులు చూశాడు. "రేసు బండికి ఇంటి రిపేర్లు పనికిరావన్నారు ఫ్రెండ్సు."

ఆ మాటకి ఆమె మనసు చివుక్కుమంది. పంపు విప్పింది. పెట్రోలు వడకట్టే జల్లెడ నిండా గోధుమరంగు బురద, మధ్యలో నల్లటి రబ్బరు నలుసులు.

"ఇథనాల్ కలిపిన పెట్రోలేగా పోస్తున్నావ్? కిందటి సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేశావా?"

"సగం అలాగే ఉంది. నాలుగు నెలలు."

"మూత బిగుతుగా ఉందా?"

"కొంచెం వదులే."

"ఇథనాల్ గాలిలో తేమని లాగేస్తుందిరా. ఆ నీళ్లు అడుక్కి దిగి ట్యాంకు తుప్పు పట్టి ఉండొచ్చు. లేదా గోడలకి పట్టిన పాత మడ్డిని ఇథనాలే కరిగించి తెచ్చుండొచ్చు. పాత రబ్బరు పైపులూ దానికి ఉబ్బి రాలిపోతాయి. ఏది ముందో చెప్పలేను. జల్లెడ మూసుకుపోయాక మాత్రం పంపుకి పెట్రోలు అందలేదు. దాన్ని చల్లగా ఉంచేది ఆ పెట్రోలే. అందక కాలిపోయింది."

"అయితే తప్పు నాదేనన్నమాట."

"పంపుది మాత్రం కాదు."

ఇద్దరూ రెండు రోజులు కష్టపడి ట్యాంకు కడిగారు, ఇథనాల్‌కు తట్టుకునే పైపులు, కొత్త జల్లెడ వేశారు. పంపు ఆమే ఎంచి బిగించింది. బిగిస్తుంటే అతను మెల్లగా అన్నాడు: "వాళ్ల మాట విని ఉండకూడదు వదినా."

"ఆ రెంచి ఇటివ్వు" అంది. గొంతులో కోపం లేదు.

భయం కొద్దీ ఎన్నడూ రేసు చూడని మనిషి, ఆ ఆదివారం వెళ్లింది. కళ్లు మూసుకుని చప్పుడు మాత్రం విన్నది. పదకొండు కార్లలో అతనిది ఏడోది, కానీ ఎక్కడా ఆగలేదు.

హెల్మెట్ తీసి పరుగెత్తుకొచ్చాడు. అందరూ చూస్తున్నారని కూడా మరిచి, చెమటకి అంటుకుపోయిన అతని జుట్టును ఆమె చేత్తో వెనక్కి దువ్వింది. అతను తల పక్కకు తిప్పుకోలేదు.