కొనేవాళ్ళ మొహం మీద ట్యూబులైటు

మొన్న మా ఇంటికి ఒక అట్టపెట్టె వచ్చింది. నా పాత కంప్యూటరు అడాప్టరు పాడైతే, పక్కింటివాళ్ళు చెప్పారని ఫోనులోనే ఆర్డరు పెట్టాను. తెచ్చిన యువకుడు గుమ్మంలో నిలబడి తలెత్తకుండా ఓటీపీ అడిగాడు, నేను చెప్పాను, తలెత్తకుండానే వెళ్ళిపోయాడు. అతని తప్పేమీ లేదు, సాయంత్రంలోగా ఇంకా ఎన్ని గుమ్మాలెక్కాలో పాపం. తీరా పెట్టె విప్పితే ఆ పిన్ను నా కంప్యూటరుకు పట్టలేదు. వెనక్కి పంపడానికి ఏ కారణం నొక్కాలో వరసగా చూపించారు గాని, నాకు సరిపోయేది ఏదో మీరే చూసి చెప్పండి అని ఒక మనిషిని అడగడానికి అందులో ఎక్కడా చోటు లేదు. కంచరపాలెంలో మా బావ దుకాణం ఉండి ఉంటే అనుకుంటూ ఆ పెట్టె ముందే కూర్చుండిపోయాను. అది మూతపడి ఇంకా ఏడాదైనా కాలేదు.

మా బావంటే మా అక్క భర్త. వాళ్ళది గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చిన కుటుంబం. మాది సబ్బవరం దగ్గర వ్యవసాయం. అక్కకు చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. పూర్వజన్మ పాపమని కొందరు, గ్రహదోషమని కొందరు, ఆ పిల్ల మెడలో తాయెత్తు మీద తాయెత్తు కట్టారు. పదేళ్ళ పిల్ల ఏ పాపం చేసిందో చూపించండి అని నేను పెద్దవాళ్ళ మీదికి వెళ్ళేవాణ్ణి. తర్వాత హేతువాద సంఘాల్లో చేరి, వేదికలెక్కి, అదే ప్రశ్న జీవితమంతా అడిగాను, సమాధానం చెప్పినవాడు ఈనాటికీ లేడు. అయితే నా ప్రశ్నల వల్ల అక్కకు ఒరిగిందేమీ లేదని ఒప్పుకోవాలి. ఆమెకు ఒరిగిందంతా మా బావ దుకాణం వల్లనే.

ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకోవడం అక్క తనంతట తానే నేర్చుకుంది. మాటలు వచ్చాకే చెవులు పోయాయి కనుక గలగలా మాట్లాడేది కూడాను. కాని లోకం తీరు వేరు. చెవిటిదని తెలియగానే కొందరు గట్టిగా అరుస్తారు, అరిస్తే పెదవులు వంకర పోతాయి. కొందరు మొహం తిప్పుకుని పక్కనున్నవాళ్ళతో, కాఫీ తాగుతుందేమో కనుక్కోండి అంటారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో అక్క ఇంట్లోంచి కదిలేది కాదు. అది చూసి బావ ఆమెను మధ్యాహ్నాలు దుకాణానికి తీసుకువచ్చి తన పక్కన కుర్చీ వేశాడు.

ఆ దుకాణం రైలు పట్టాల పక్క వీధిలో ఉండేది. మన తరంవాళ్ళకు అలాంటి దుకాణం ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు. మొదట్లో రేడియో వాల్వులు, కండెన్సర్లు, తర్వాత టేపురికార్డరు బెల్టులు, టీవీ సామాను, ఆ తర్వాత కంప్యూటరు మదర్‌బోర్డులు, కీబోర్డులు, ర్యాములు. కాలం ఏది విప్పి చూసుకుంటే అది అమ్మేవాడు. సముద్రపు ఉప్పుగాలికి ఈ ఊళ్ళో ఏ పెట్టె అయినా లోపల తుప్పు పట్టేది, ఆ గాలి తన వ్యాపారంలో భాగస్వామి అని బావ నవ్వేవాడు. అయితే ఏ దుకాణంలోనూ లేని వింత ఒకటి అక్కడ ఉండేది. అందరూ దీపం సరుకు మీద పడేలా పెట్టుకుంటే, బావ కౌంటరు మీది ట్యూబులైటును వంచి కొనేవాళ్ళ మొహం మీద పడేలా బిగించాడు. సరుకు చీకట్లో, ఖాతాదారు వెలుగులో. కొత్తవాళ్ళకు ఇది కోపం తెప్పించేది. ఒకసారి ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని గొడవకు దిగాడు.

“నా మొకం మీద లైటేటండీ? నానేటి దొంగనా?”

“అబ్బే, అది కాదండీ. మీ మాట మా ఆవిడ చూడాలండి,” అన్నాడు బావ.

“మాట సూడ్డమేటి?” అని ఆయన తెల్లబోయాడు గాని, ఆ మర్నాటి నుంచి వచ్చినప్పుడల్లా జుట్టు దువ్వుకుని ఆ వెలుగులో బుద్ధిగా నిలబడేవాడు. పాత ఖాతాదారులకు అది అలవాటైపోయింది. కౌంటరు దగ్గరికి రాగానే తలెత్తి, అరవకుండా, తొందర లేకుండా, అక్క వైపు తిరిగి మాట్లాడేవారు. తర్వాత తర్వాత ఇళ్ళల్లో కూడా అలాగే మాట్లాడుతున్నామని, పెళ్ళాలు విచిత్రంగా చూస్తున్నారని చెప్పుకునేవారు.

అసలు వైభవం గూడ్సు బండి వచ్చినప్పుడు. ఖనిజం వేసుకుని పోర్టుకు వెళ్ళే ఆ పొడుగాటి బండి దడదడమంటూ పోతుంటే అలమారాల్లో డబ్బాలు కూడా వణికేవి, కౌంటరు దగ్గర ఎవరి మాట ఎవరికీ వినపడేది కాదు. నోళ్ళు మాత్రం ఆడుతుండేవి. అప్పుడు ఆ వీధి మొత్తంలో మాట తెలిసే మనిషి మా అక్క ఒక్కతే. ఎవరేమంటున్నారో చూస్తూ కాగితం మీద గబగబా రాసి బావ ముందుకు తోసేది, బండి దాటగానే పైకి కూడా చెప్పేసేది.

“ఈ బాబు పాత సాకెట్టే కావాలంటన్నాడు. ఎనకాలాయన ఏటంటన్నాడో తెలుసా? ఈ బేరమింక తెమల్దేటి, ఈడి మొకమీడ్చ అని తిడతన్నాడు!”

తిట్టినాయన గుటకలు మింగుతుంటే తిట్లు తిన్నాయన పగలబడి నవ్వేవాడు. రైలు చప్పుడు చాటున ఒకరినొకరు తిట్టుకునే అలవాటు ఆ దుకాణంలో అలా మాయమైంది. అందరికీ చెవుడు వచ్చినప్పుడు అక్కకు చెవుడు లేదు. దీనికి ఏ పూర్వజన్మ కారణమో చెప్పమని తాయెత్తులు కట్టినవాళ్ళను అడగాలని నాకు ఎంతో కోరికగా ఉండేది గాని, అప్పటికి వాళ్ళలో ఎవరూ మిగల్లేదు.

తర్వాత రోజులు మారాయి. విప్పడానికి మరలు లేని ఫోన్లు వచ్చాయి, జిగురుతో అతికించిన కంప్యూటర్లు వచ్చాయి. పాడైతే బాగుచేయడం పోయి పారేయడం వచ్చింది, మిగిలిన కాస్త సామానూ ఫోనులోనే దొరకడం మొదలైంది. అల్లీపురంలోనూ డాబా గార్డెన్సులోనూ అలాంటి దుకాణాలు ఒకటొకటిగా బట్టల కొట్లయ్యాయి. మా బావ మాత్రం షట్టరు ఎత్తుతూనే ఉన్నాడు. నేను హేతువాదిని కనుక హేతువుతోనే మాట్లాడాను, బల్ల మీద దుమ్ము తుడవడానికి తప్ప పనిలేని దుకాణాన్ని పట్టుకు వేళ్ళాడడం మొక్కుబడి కాక మరేమిటన్నాను.

ఆయన అక్క చూడకుండా తల పక్కకు తిప్పుకుని, “సరుకు అమ్మడానికి కాదు బావా, మీ అక్కతో నలుగురు మాట్లాడ్డానికి తెరుస్తున్నాను,” అన్నాడు.

మంచి వినికిడి యంత్రం కొనిపెట్టాం. డాక్టరు ముందే చెప్పినట్టు, అది చప్పుడు తెచ్చింది గాని మాట తేలేదు. కరోనా వచ్చినప్పుడు అందరూ మాస్కులు పెట్టుకున్నారు. మాస్కు పెట్టుకోమని పత్రికలకు వ్యాసాలు రాసినవాణ్ణి నేను, అది అవసరమని ఇప్పటికీ అంటాను. కాని ఆ గుడ్డముక్క మా అక్కకు రెండోసారి చెవులు పోగొట్టింది. కౌంటరు దగ్గర కళ్ళు మాత్రమే నిలబడి ఉండేవి. ఆ రోజుల్లో కూడా ఒకాయన, మేమందరం స్టీలు ప్లాంటు మావయ్య అని పిలిచే పాత ఖాతాదారు, సాయంత్రం పూట వచ్చి దుకాణంలోకి రాకుండా వీధికి అవతలి పక్కన, మూసి ఉన్న షట్టరు ముందు నిలబడేవాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మాస్కు కిందికి లాగి, గొంతు లేకుండా పెదవులతోనే మాట్లాడేవాడు. ఇటు నుంచి అక్క పైకే జవాబిచ్చేది.

“నిన్నా ఆనపకాయే, ఇయ్యాలా ఆనపకాయేనా మావయ్యా? మీ కోడలు తోటేటైనా కొందేటి?”

వీధిన పోయేవాళ్ళు, ఖాళీ రోడ్డుతో మాట్లాడుతున్న ఆ ముసలావిడను చూసి జాలిపడి ఉంటారు.

మాస్కులు పోయాయి గాని ఖాతాదారులు తిరిగి రాలేదు. ఇంటికి పెట్టె రావడం అలవాటైపోయింది. స్టీలు ప్లాంటు మావయ్య కూడా కన్నుమూశాడు. ఇంటాయన దుకాణం ఖాళీ చేయమన్నాడు, బావ మోకాళ్ళు కూడా అదే మాటన్నాయి. చివరి రోజున ఆటోనగర్ నుంచి పాతసామాను కొనే ఒకాయన వచ్చి అలమారాలు విప్పి వ్యానులో వేసుకుంటుంటే, అక్క తన కుర్చీలోంచి లేవలేదు.

“రేపట్నుంచి నానెవుళ్తో మాటాడాల్రా?” అంది నన్ను చూసి.

“నేనున్నాను కదా, నాతో మాట్లాడు,” అన్నాడు బావ.

“నీతో ఇన్నేళ్ళూ మాటాడతనే ఉన్నాను కదా, ఇంకేటి మిగిలింది?” అని ఆమె నవ్వింది. మేమూ నవ్వాం.

ఇప్పుడు అక్కడ ఫోను కవర్లు అమ్మే దుకాణం పెట్టారు, నిండా అద్దాలు, ఎటు చూసినా దీపాలు. కిందటి నెల అక్క తన ఫోనుకు కవరు కావాలనే వంకతో ఒక్కతే అక్కడికి వెళ్ళి వచ్చింది. ఏమైందని అడిగాను.

“మంచి పిల్లేరా. నాకు సెవుడని తెలీగానే ఫోన్లో అచ్చరాలు కొట్టి సూపించింది, కుర్చీ ఏసి కూకోమంది. మొకం మాత్రం ఎత్తలేదురా,” అంది.

ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఆ అక్షరాలు ఎందరికో నిజంగా మేలు చేస్తున్నాయి, కొత్తదాన్ని శపించడం నాకు చేతకాని పని. కాని మనం ఒక చిన్న కండెన్సరు కోసం వెళ్ళి, అది జేబులో పడ్డాక కూడా తుపాను గురించీ, సమ్మె గురించీ, ఎవరింట్లో ఏం కూరో దాని గురించీ మాట్లాడుతూ అక్కడే నిలబడిపోయేవాళ్ళం, దానికి కాలక్షేపం అని పేరు పెట్టాం. ఆ మాటల మీదే ఒక మనిషి బతుకుతోందని మనలో ఎందరికి తెలుసు?

నేను మధ్యాహ్నాలు వాళ్ళింటికి వెళ్ళి, అక్కకు ఎదురుగా, వెలుతురు నా మీద పడేలా కూర్చుంటున్నాను. దేవుడున్నాడా లేడా అని ఇద్దరం పోట్లాడుకుంటాం, బావ నిద్ర నటిస్తాడు. బాగానే ఉంటుంది. కాని ఆమెకు కావలసింది నేను కాదు. ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరో లోపలికి వచ్చి, ఏదో ఒకటి అడగాలి. వీధి తలుపు కాస్త కదిలితే చాలు, నా వాదం మధ్యలోనే వదిలేసి అక్క అటు చూస్తుంది. గాలికి కదిలిందని తెలిశాక కూడా, వెంటనే ఇటు తిరగదు.