రూతమ్మ మెలకువ

పటమట చర్చికి వెళ్లేవాళ్లలో రూతమ్మ పేరు తెలియనివాళ్లు లేరు. ఆ పేరు తెచ్చిపెట్టింది ఆమె పాటా కాదు, వాక్యజ్ఞానమూ కాదు. నిద్ర పట్టకపోవడం!

యాభై దాటాక ఒంట్లో ఆవిర్లు మొదలై, అర్ధరాత్రి మెలకువ వచ్చి, మళ్లీ కన్ను మూతపడేది కాదు. స్త్రీల కూడికలో ఆ మాట చెప్పుకుని వాపోతే పాస్టరమ్మగారు చెయ్యి పట్టుకుని, "దిగులు పడకు రూతమ్మా. నలుగురి కోసం ప్రార్థన చెయ్యమని దేవుడే లేపుతున్నాడేమో" అంది. ఓదార్పుకి అన్న మాట అది. విన్న ఆడవాళ్లు 'ఏమో'ని అక్కడే వదిలేసి మిగతాది ఇంటికి పట్టుకుపోయారు. మర్నాటి నుంచి రూతమ్మ ఫోనుకి వాయిస్ మెసేజ్‌లు మొదలయ్యాయి. ఒకావిడకి కొడుకు పరీక్ష, ఇంకొకావిడకి మొగుడి తాగుడు, మరొకావిడకి కడుపు పండకపోవడం. అందరి బరువూ రూతమ్మ మోకాళ్ల మీదే.

దాచుకోవడం ఎందుకు, ఆ గౌరవం ఆమెకి తియ్యగానే ఉంది. భర్త ఆమోసు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టీ కట్టీ, సుత్తి మోతకి చెవులు పోగొట్టుకున్న మనిషి. ఆమె మాట ఆయనకి సగమే వినపడుతుంది, అందులోనూ సగమే పట్టించుకుంటాడు. అలాంటిది ఇంతమంది ఆమె నోటిమాట కోసం ఎదురుచూస్తుంటే ఎవరికి మాత్రం చేదు?

చిక్కు ఎక్కడొచ్చిందంటే, కొన్నాళ్లకి నిద్ర తనంతట తానే తిరిగొచ్చింది. ఒకరోజు ఒళ్లు తెలియకుండా పడుకుని, తెల్లగా తెల్లారాక లేచింది. సంతోషించాల్సింది పోయి సిగ్గుతో కుంచించుకుపోయింది. ప్రార్థన చెయ్యమని మెసేజ్ పెట్టిన సువార్తమ్మ కొడుక్కి ఆ పొద్దున్నే ఆపరేషను. ఆవిడకి ఏమని చెప్పాలి, నిద్రపోయానని చెప్పాలా? ఆ సాయంత్రమే ఫోన్‌లో అలారం పెట్టుకుంది. పక్కన పడుకున్న ఆమోసుకి అది ఎలాగూ వినపడదు. కూడికలో సాక్ష్యం చెప్పేటప్పుడు మాత్రం "ప్రభువే లేపాడు" అనేది. అన్న ప్రతిసారీ లోపల ముల్లు గుచ్చుకునేది.

ఈలోగా కూతురు ఏంజెల్ ప్రసూతి సెలవు అయిపోయింది. ల్యాబ్‌లో పని. అల్లుడిది హైదరాబాదులో ఉద్యోగం. ఇంకా ఏడాది నిండని షారోను పగలంతా అమ్మమ్మ చేతుల్లోకి వచ్చింది. ఆ పిల్లంటే రూతమ్మకి పంచప్రాణాలు. కానీ రాత్రి ప్రార్థన, పగలు పసిబిడ్డ! ఏ ఒళ్లు ఓర్చుకుంటుంది? కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. ఊరికే ఏడుపొచ్చేది. గిన్నె చప్పుడైతే ఆమోసు మీద అరిచేది. కణతలు పగిలిపోతున్నట్టుంటే అమృతాంజనం రాసుకుని, ఇంకో టీ తాగేది.

ఆ రోజు పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, నూనె రాసిన పిల్లని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టింది. స్టవ్ మీంచి దించిన మరిగే నీళ్లు పక్కనే బకెట్లో ఉన్నాయి. చన్నీళ్లు కలిపాననే అనుకుంది. కలిపినట్టు కళ్లకి కడుతోంది కూడా. అది నిన్నటి సంగతి. చెంబు ముంచి ఎత్తేసరికి చెయ్యి తూలి, నీళ్లు ముందు ఆమె మోకాలి మీదే పడ్డాయి. కెవ్వుమని చెంబు విసిరేసింది. అప్పటికే పిల్ల మడమ మీద కాసిన్ని చిందాయి.

బొబ్బ చిన్నదే. కానీ పిల్ల ఏడ్చిన ఏడుపు ఆమోసుకి కూడా వినపడింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇద్దరికీ మందు రాసి, రూతమ్మకి బీపీ చూసి కళ్లు పెద్దవి చేసింది. "నిద్ర సరిగ్గా పోతున్నారా అమ్మా?" అంటే రూతమ్మ తలొంచుకుని పిల్ల మడమ మీద ఊదసాగింది. ఇంటికొచ్చాక తల్లి ఫోన్లో మందుల వేళలకి అలారం పెట్టబోయిన ఏంజెల్‌కి పాత అలారం కనిపించింది.

"రాత్రి రెండింటికి అలారం ఏంటమ్మా? దేవుడు లేపుతున్నాడన్నావు కదా?"

"లేపట్లేదమ్మా. నేనే లేస్తున్నా."

ఏంజెల్ తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది రూతమ్మకి. ఆదివారం నాడు పాస్టరమ్మగారికి ఉన్నదంతా చెప్పేసింది. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని, "నేనన్న మాట ఇంత దూరం తెచ్చిందా తల్లీ" అని, ఎవరి మనవులు వాళ్లనే ప్రార్థించుకోమని అందరికీ చెప్పింది. అలారం పోయింది, మెసేజ్‌లు ఆగాయి. రూతమ్మ పొద్దుపోకముందే పక్క ఎక్కింది. నిద్ర మాత్రం రాలేదు. వచ్చినప్పుడు తరిమేసిన నిద్ర, పిలిస్తే పలకలేదు.

పిల్ల బొబ్బ మానేదాకా అని ఏంజెల్ పెట్టిన సెలవు ఆ పై వారం అయిపోయింది. సోమవారం పొద్దున్న డ్యూటీ చీర కట్టుకుని, పిల్లని ఎత్తుకుని వచ్చింది. తల్లి మొహంలోకి చూసింది.

"ఇప్పుడు బానే పడుకుంటున్నావుగా అమ్మా? పిల్లని ఉంచి వెళ్లనా?"

ఊఁ అంటే చాలు, షారోను ఒళ్లోకి వచ్చేస్తుంది. కాదంటే ఇవాళ్టి నుంచి ఆ పిల్లని క్రెష్‌లో ఎవరో ముక్కూ మొహం తెలియని ఆయా ఎత్తుకుంటుంది. అమ్మమ్మని చూసి పిల్ల రెండు చేతులూ చాచింది. రూతమ్మ తన చేతులు చాపలేదు.

"లేదమ్మా. వారం నుంచి కన్ను మూతపడలేదు" అంది. "క్రెష్‌లోనే వదులు. నా చేతికివ్వకు."