తప్పు పడితే కాగితం తీసెయ్

చిలకలగూడలో టైపు నేర్చుకున్నవాళ్లను ఎవరినైనా అడగండి, నా గురించి ఒక్కరు కూడా మంచి చెప్పరు. స్టేషన్‌కు పోయే దారిలో, చాయ్ హోటల్ మీది అంతస్తులో ఉండేది మా ఇన్‌స్టిట్యూట్. పద్నాలుగు మిషన్లు, ఇద్దరు టీచర్లు. ఆ ఇద్దరిలో గయ్యాళిని నేను. ముప్ఫై ఏళ్లు అక్కడ ఇంగ్లీషూ తెలుగూ రెండూ నేర్పాను. కీల మీద అట్టముక్క కప్పి, చేతులు దాని కిందికి దూర్చి, కళ్లు మాత్రం పక్కనున్న మ్యాటర్ మీదే ఉంచమనేదాన్ని. చూపు కిందికి జారిందా, వేళ్ల మీద స్కేలు పడేది.

నాకొక రూలు ఉండేది. తప్పు పడితే కాగితం తీసెయ్. రబ్బరు పెట్టి చెరపడం, అక్షరం మీద అక్షరం కొట్టడం నా దగ్గర చెల్లవు. చివరి వరుసలో చివరి మాట తప్పినా సరే, కాగితం లాగి కొత్తది ఎక్కించి మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే. దిద్దిన కాగితం మా ఇన్‌స్టిట్యూట్ మెట్లు దిగలేదని అందరి దగ్గరా గొప్పలు చెప్పుకునేదాన్ని.

అలాంటి నాకు ఫోన్‌లో టైపు చేయడం చేతకాలేదు. హమ్మయ్య, చెప్పేశాను. బయటివాళ్లకు తెలియని సంగతి ఇది. మా ఆయనకు కూడా సగమే తెలుసు.

టచ్ ఫోన్ కొన్నది ఆయనే, తనకొకటి, నాకొకటి. రైల్వేలో రిటైరైన మనిషి, ఆయనకు ఇవన్నీ సరదా. ఆయన మైకు బొమ్మ నొక్కి ఫోన్‌తో మాట్లాడతాడు, అదే రాసుకుంటుంది. "మాట్లాడితే టైపింగ్ ఎట్లయితది? గది కూడా ఒక రాతనేనా?" అని వెక్కిరించాను. ఆ రోజు వంటగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుని, ఫోన్‌ను గట్టు మీద పెట్టి, వేళ్లు హోమ్ రో మీద, అంటే మధ్య వరుస కీల మీద, ఆనించాను. హోమ్ రో ఎక్కడుంది నా మొహం! నాలుగు వేళ్లు అద్దం మీద పట్టాయి, మిగతా నాలుగు గాల్లో ఉన్నాయి. ఆనించిన పాపానికి నాలుగు పిచ్చి అక్షరాలు పడ్డాయి.

మిషన్ మీద వేలికి కీ తగులుతుంది. కొడితే లోపలికి దిగుతుంది, టప్పుమంటుంది, వరుస అయిపోవస్తే గంట మోగుతుంది. ఇక్కడ వేలికి ఏమీ తెలియదు. కళ్లు కిందనే పెట్టుకోవాలి, అంటే నేను ఏ పనికి పిల్లల వేళ్లు వాయించానో సరిగ్గా ఆ పని చేయాలి. పైగా బొటనవేళ్లు! మా దగ్గర బొటనవేలికి ఒక్కటే పని, మాటకూ మాటకూ మధ్య ఖాళీ వేయడం. ఇక్కడ రాసేదంతా అవే. తర్ఫీదు పొందిన ఎనిమిది వేళ్లు ఫోన్ పట్టుకుని ఉత్తగా కూర్చుంటాయి. నా చిటికెన వేలిని తయారు చేయడానికి రెండేళ్లు పట్టింది, ఏం లాభం?

దాచుకున్నాను. మెసేజ్ వస్తే దండం బొమ్మ, ఎక్కువైతే పువ్వు బొమ్మ. మా ఇంటి గ్రూపులో అక్క కూతురు ఒకసారి అడిగేసింది. "పిన్నీ, ఊరందరికి టైపు నేర్పినవ్, ఒక్క ముక్క రాస్తలేవేంది?" మీలాగ పొట్టి రాతలు రాయనని ఫోన్ చేసి మరీ కసిరాను. ఆ పిల్ల పాపం సారీ చెప్పింది. నేను సారీ చెప్పించుకున్నాను కూడా.

ఇక అసలు సంగతి. ఇన్‌స్టిట్యూట్‌లో ఇద్దరు టీచర్లమని చెప్పాను కదా, రెండో టేబుల్ ఆ రెండో ఆమెది. మొదట నా దగ్గర నేర్చుకోవడానికే వచ్చింది, లంగా ఓణీలో, నూనె పెట్టిన జడలతో. ఒకసారి పేజీ అంతా శుభ్రంగా కొట్టి, చివరి మాట దగ్గర తడబడింది. నేను వెనకనుంచి వచ్చి కాగితం లాగి రెండు ముక్కలు చేసి ఒళ్లో పడేశాను. ఆమె ఏడవలేదు. ముక్కలు మడిచి పుస్తకంలో పెట్టుకుని కొత్త కాగితం ఎక్కించింది. టైపు హయ్యర్ పరీక్ష పాసయ్యాక నేనే పట్టుబట్టి టీచరుగా పెట్టించాను. ఇరవై ఏళ్లు పక్కపక్కన కూర్చున్నాం. ఒకే డబ్బా తెరిచి తిన్నాం. మేడం అన్న మనిషి అక్కా అనడం మొదలుపెట్టింది. తోడబుట్టిన వాళ్లకు చెప్పనివి నేను ఆమెకు చెప్పాను.

ఇన్‌స్టిట్యూట్ మూతబడ్డాక ఆమె తిరుమలగిరిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. నేను బోయిగూడలోనే ఉన్నాను. రోజూ ఫోన్‌లో గంట మాట్లాడుకునేవాళ్లం. పోయినేడాది ఆమెకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు, గొంతు పోయింది. అప్పటినుంచి మెసేజ్‌లే.

ఎంత వేగంగా రాసేదనుకున్నారు! రెండు బొటనవేళ్లతో, కామా లేదు, చుక్క లేదు, సగం తప్పులు, అయినా అచ్చం ఆమె మాట్లాడినట్టే ఉండేది. ఒకదాని వెనక ఒకటి ఐదు వచ్చి పడేవి. నేను దండం బొమ్మ పెట్టేదాన్ని. మిషన్ మీద ఆమె ఏనాడూ నా వేగం అందుకోలేదు. ఇప్పుడు చూడబోతే ఇలా. ఆమె గొంతు పోయిందన్న బాధ కంటే ఆమె వేళ్లు నడుస్తున్నాయన్న కుళ్లు ఒక్కోసారి నాకు ఎక్కువైంది. ఛీ, ఇది రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇది దాచి మిగతాది రాస్తే మాత్రం ఏం విలువ? అందుకని పెన్ను పట్టుకుని, కాగితం మీదే రాస్తున్నాను.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి, చాయ్ పొయ్యి మీద పెట్టినప్పుడు, ఆస్పత్రి నుంచి ఆమె మెసేజ్ వచ్చింది. "అక్కా రేపు పొద్దున ఏడింటికి మల్ల ఆపరేషన్. ఈసారి భయమైతుంది. బిడ్డకు చెప్తలేను. లోపలికి తీస్కపోయే ముందు జెర వచ్చి పక్కన కూసుంటవా"

ఆమె నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. దీనికి దండం బొమ్మ పెడితే మనిషి జన్మేనా అనిపించింది. మంచి ఉత్తరం రాయాలనుకున్నాను. ధైర్యం చెప్పాలి, తప్పకుండా వస్తానని రాయాలి, దేవుడున్నాడని రాయాలి, ముఖ్యంగా ఒక్క తప్పు ఉండకూడదు. కళ్లజోడు తుడుచుకుని మంచం మీద కూర్చుని మొదలుపెట్టాను.

రెండో మాటలో తప్పు పడింది. మొత్తం చెరిపేశాను. మళ్లీ మొదలుపెట్టాను. వరుసన్నర బాగా వచ్చింది, ఒత్తు ఎక్కడుందో దొరకలేదు, పక్కది నొక్కాను, ఇంకేదో వచ్చింది. చెరిపేశాను. ఆ ఒక్క అక్షరం మాత్రం దిద్దుకోవచ్చని నాకు తెలుసు. తెలిసీ చేయలేదు. ఎవరికి, ఆమెకు దిద్దిన కాగితం పంపడమా? నేనా? చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయింది. చెమటపట్టిన వేలిని ఆ అద్దం పట్టించుకోదు, చీరకొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నాను.

మా ఆయన తొంగి చూశాడు. "ఏం పరేషాన్ అయితున్నవే? ఫోన్ జేసి వస్తున్న అని చెప్పరాదా? గొంతు పోయింది గాని ఆమెకు చెవులు మంచిగనే ఉన్నయి గదా."

"నీ పని నువ్వు జూస్కో," అన్నాను.

ఆ మాట నాకు తట్టలేదంటే అబద్ధం. నాలుగూ పదికే తట్టింది. కానీ ఆమె రాసింది, నేను కూడా రాయాలి. ఫోన్ చేశానంటే నాకు రాయడం రాదని ఒప్పుకున్నట్టే. ఎవరి ముందు ఒప్పుకున్నా ఆమె ముందు మాత్రం ఒప్పుకోలేను. రేపు ప్రాణం మీదికి వచ్చే మనిషి అక్కడ ఎదురుచూస్తుంటే, ఇక్కడ నేను నా పరువు చూసుకున్నాను.

ఆరున్నరకు ఫోన్ నా చేతిలోనే వణికింది. నా ఉత్తరం మూడో వరుసలో ఉంది. ఆమె రాసింది: "అర్థమయింది అక్కా. తక్లీఫ్ పడకు. రావద్దు."

ఏం అర్థమయింది? నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతసేపు ఈమె కోసం కళ్లు పొడుచుకుని కూర్చుంటే, రావద్దంటుందా? ముక్కు మీద కోపం నాకు కొత్త కాదు. ఫోన్ మంచం మీదికి విసిరేశాను. రావద్దంటే నేనెందుకు పోతాను అన్నాను గట్టిగానే. మా ఆయన ఆరిపోయిన పొయ్యి తుడుచుకున్నాడు.

మరునాడు పొద్దున ఏడింటికి నేను వంటగదిలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాను. ఆటో ఎక్కితే ఆస్పత్రికి అరగంట దారి. వెళ్లలేదు.

ఆపరేషన్ బాగానే అయిందని ఆమె కూతురు మా ఆయనకు ఫోన్ చేసి చెప్పింది. ఆ తర్వాత కోపం పోయింది కానీ, ఆ చోట సిగ్గు వచ్చి కూర్చుంది. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? వారమయింది, రెండు వారాలయ్యాయి. ఆమె నుంచి ఒక్క మెసేజ్ లేదు. నెల గడిచాక కూతురే నాకు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, మీ ఇద్దరికీ ఏమైనా అయిందా? మీ మాటెత్తితే అమ్మ మొఖం అటు తిప్పుకుంటుంది." ఆ రోజే బస్సెక్కి తిరుమలగిరి వెళ్లాను.

మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకుని కిటికీ పక్కన కుర్చీలో ఉంది. సగమైపోయింది మనిషి. కూతురు నాకు నీళ్లిచ్చి లోపలికి వెళ్లింది. నేను బత్తాయిల సంచి కింద పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఆమె నా వైపు చూడలేదు. తర్వాత ఒళ్లోని ఫోన్ తీసి, రాసి, తెర నా మొహం ముందు పెట్టింది.

"రెండున్నర గంటలు చూసిన. పైన టైపింగ్ టైపింగ్ అని పడుతుండె. రాస్తివి చెరిపితివి రాస్తివి చెరిపితివి. రాకుండ ఉండెటందుకు ఒక్క సాకు దొర్కలేదా అక్కా"

నాకు తల కొట్టేసినట్టయింది. నేను రాస్తున్నట్టు అవతలివాళ్లకు కనబడుతుందని నాకు తెలియనే తెలియదు. కళ్లు కీల మీదే పెట్టుకున్నదాన్ని, పైన ఏముందో ఎప్పుడు చూశాను గనుక! ఆస్పత్రి మంచం మీద పడుకుని ఆమె చూసింది అదన్నమాట. నేను రావడానికి ఇష్టం లేక మాటలు వెతుక్కుంటున్నానని అనుకుంది.

"కాదే. నాకు రాదు," అన్నాను. "ఫోన్‌ల టైపు కొట్టుడు నాకు రాదే. వస్తా అని రాయనీకే గంతసేపు పట్టింది, అయినా కాలే."

ఆమె నవ్వింది. గొంతు లేని నవ్వు, అది నమ్మిన నవ్వు కాదు. గబగబా రాసింది. "నా కాగితాలు ఎన్ని చింపినవ్ నువ్వు. నీకు టైపు రాదంటే నేను నమ్మాల్నా"

ఏం చెప్తే నమ్ముతుంది? నాకు టైపు రాదంటే ఎవరూ నమ్మనంత పేరు ముప్ఫై ఏళ్లు కాపాడుకున్నది నేనే. సంచిలోంచి నా ఫోన్ తీశాను. కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాను, మేం పక్కపక్కన కూర్చునేంత దూరానికి. ఆమె చూస్తుండగా, ఒక్క బొటనవేలితో, ఆ రోజు రాయాల్సింది మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం కోసం వేలు తెరంతా తిరిగింది. ఆమె నవ్వు ఆగిపోయింది. రెండో మాటలో తప్పు పడింది. అలవాటుగా నా వేలు చెరిపే గుర్తు మీదికి పోయింది.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. చెరపనివ్వలేదు.

అలాగే ముందుకు వెళ్లాను. ఎంతసేపు పట్టిందో తెలియదు, లోపల కూతురు రెండుసార్లు తొంగి చూసి వెళ్లింది. రేపు పొద్దున వస్తున్నా, భయపడకు. అంతే. అందులో మూడు తప్పులున్నాయి. కళ్లు మూసుకుని పంపేశాను. ఆమె ఒళ్లోని ఫోన్ మోగింది.

ఆమె చదువుకుంది. మళ్లీ చదువుకుంది. ఆమె తప్పులు లెక్కపెడుతుందేమోనని చూశాను, పెట్టలేదు. తర్వాత మెల్లగా, నాలాగే ఒక్క వేలితో రాసింది.

"ఆ దినం గిది చాలుతుండె అక్కా"

నేను తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను. ఆమె చేతిలోని తెర మీదే చూపు పెట్టుకున్నాను. నా మెసేజ్ పైన, నెల కిందట ఆమె రాసిన "రావద్దు" ఉంది. ఆ రెండింటి మధ్యలో నేను రాసింది ఒక్క అక్షరం కూడా లేదు.