మగ్గానికి సరిపడే ఇల్లు

పెళ్లయిన పదకొండేళ్లలో సోమక్క ధర్మవరంలో ఏడు అద్దె ఇళ్లు మారింది. గిన్నెలూ బొంతలూ మోసుకుపోవడం ఆమెకు ఒక కష్టంగా తోచేది కాదు. మగ్గం కదపడమే ప్రాణం మీదికి వచ్చేది. మగ్గానికి నేలలో గుంత ఉండాలి. నేసేవాళ్లు గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి వదిలి పలకలు తొక్కాలి. చేరిన ప్రతి ఇంట్లో గుంత తవ్వుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు పూడ్చి, పేడతో అలికి అప్పగించాలి. గుంత మాట వింటూనే సగంమంది ఇంటివాళ్లు గడపలోంచే పంపేసేవాళ్లు.

సోమక్క పుట్టింది ముదిగుబ్బ దగ్గర గొర్రెలు మేపుకునే ఇంట్లో. మగ్గాన్ని దగ్గర్నుంచి చూసిందే పెళ్లయ్యాక. అయినా రెండేళ్లు తిరక్కముందే, పోగు తెగితే చూడకుండా వేళ్లతోనే ముడివేసేంత పనిమంతురాలైంది. భర్త తిప్పేస్వామికి ఆమె పనితనమంటే గర్వం.

2001లో దసరా వెళ్లాక మూడు రోజులు ముసురు పట్టింది. గోడ అడుగునుంచి నీళ్లూరి గుంత మోకాలి లోతు నిండింది. సగం నేసిన పెళ్లిచీర తడిసి రంగు దిగిపోయింది. సోమక్క చెంబుతో నీళ్లు తోడిపోస్తుంటే అద్దెకిచ్చిన ఇంటాయన వచ్చి చూశాడు.

"మీ గుంత పుణ్యాన నా గోడ కుంగుతాండాది. నెలాఖరుకు ఖాళీ చేయండి" అన్నాడు.

సోమక్క చెంబు పక్కన పెట్టి లేచింది. "చేస్తాంలేప్పా. ఎనిమిదో కొంపకు పోతాం. ఆ తర్వాత మాత్రం ఇంకోరి ఇంట్లో గుంత తవ్వేది లేదు" అంది.

ఆ మాట కోపంలో వచ్చిందే కానీ, అన్నాక ఆమె దాన్ని వదల్లేదు. ఆ నెలలో జరిగిన వార్డుసభలో, సొంత ఇల్లు లేనివాళ్లు అర్జీ పెట్టుకోవచ్చని అధికారులు చెప్పారు. సోమక్క తన అర్జీ ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. వారంపాటు వీధివీధీ తిరిగి, తనలాగే అద్దె ఇళ్లలో నేస్తున్న ముప్పై ఎనిమిది కుటుంబాల చేత అర్జీలు పెట్టించింది. రాయడం రానివాళ్లకు పక్క వీధిలోని బడిపంతులు జయరాజు రాసిపెట్టాడు.

తర్వాత దాదాపు అయిదేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది. అధికారులు మారారు, ప్రభుత్వమే మారింది. అర్జీలు కనబడలేదన్నప్పుడల్లా సంచిలోంచి జిరాక్సులు తీసి బల్ల మీద పెట్టేది. చివరికి 2006లో ఊరి బయట గుట్ట వారగా అందరికీ ఇళ్ల పట్టాలిచ్చారు. తిప్పేస్వామి ఆ కాగితాన్ని మడవడం, విప్పడం, మళ్లీ మడవడం తప్ప ఆ పూట వేరే పని చేయలేదు.

ఆ జాగాల్లో ప్రభుత్వం కట్టించబోయే ఇంటి పటాన్ని అధికారులు ఆఫీసు గోడకు అంటించారు. అందరూ దాన్ని చూసి మురిసిపోతుంటే సోమక్క కొలతలు చదివించుకుంది. ముందుగది పొడుగు పది అడుగులు. ఆమె మగ్గమే పన్నెండు. ఇళ్ల పని చూసే ఇంజనీరు చంద్రమోహన్ దగ్గరికి వెళ్లింది.

"సార్, దీంట్లో మేం పడుకుంటాం సరే. మా మగ్గం యాడ పడుకుంటాది?"

"ప్లాను పైనుంచి వస్తుందమ్మా. నేను ఒక్క గీత కూడా మార్చలేను."

"మార్చద్దులే సార్. ఒకసారి మా ఇంటికొచ్చి చూసిపోండి."

మూడోసారి పిలిచాక ఆయన వచ్చాడు. సోమక్క ఆయన్ని మగ్గం గట్టు మీద కూర్చోబెట్టి, కాళ్లు గుంతలో పెట్టించి, తలెత్తి చూడమంది. అంచుకు డిజైను ఎత్తడానికి మగ్గం పైన బిగించిన చట్రానికి కప్పు ఎత్తు చాలక, పైకప్పు రాతిబండలు రెండు తీసేసి ఉన్నాయి. ఆ సందులో ప్లాస్టిక్ పట్ట, పట్ట చిరుగులోంచి ఆకాశం. చంద్రమోహన్ గుంతలోంచి కాళ్లు తీసి లేచాడు. తర్వాత జేబులోంచి టేపు తీసి మగ్గాన్ని నాలుగు వైపులా తనే కొలిచాడు.

"జాగా పెంచమని అడిగితే ఒప్పుకోరు సోమక్కా."

"పెంచద్దు సార్. నడిమి గోడ తీసేయండి, ఒక మూల వండుకుంటాం. కప్పు మాత్రం రెండడుగులు లేపండి."

ఆయన ఆ మాటనే పటంగా గీసి పైకి పంపాడు. అయిదు నెలలకు అనుమతి వచ్చింది.

పునాదులు తీసేటప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. రెండడుగులు దిగేసరికి బండ తగిలింది, మగ్గం గుంతకు ఆ లోతు చాలదు. మగ్గం గుంతలు తవ్వడం తమ పని కాదని మేస్త్రీలు తప్పుకున్నారు. "బండలో గుంతేందక్కా, ఇంగ వదిలేద్దాం" అని చిన్నక్క అనే నేతగత్తె నీరుగారిపోయింది. సోమక్క గడ్డపార తీసుకుంది. తన జాగాలోకి పోలేదు, కృష్ణమ్మ జాగాలోకి దిగింది. కృష్ణమ్మ ఒంటరిది, అరవై దాటినా నేతపనితోనే పొట్టపోసుకునే మనిషి. మధ్యాహ్నానికి సోమక్క అరచేతులు బొబ్బలెక్కాయి, గుంత మాత్రం బండలోకి జానెడు కూడా దిగలేదు. ఆమె గడ్డపార ఆనించి చుట్టూ చూసింది.

"గుంత దిగకపోతే పాయె. నేలనే లేపుదాం" అంది.

గుంత ఉండాల్సిన చోటు వదిలి, చుట్టూ రాయి పేర్చి మట్టి నింపి నేలను ఎత్తు చేశారు. అప్పటిదాకా చూస్తూ నిలబడ్డ చిన్నక్క మొదటి మట్టితట్ట ఎత్తింది. మర్నాటికి ముప్పై ఎనిమిది ఇళ్లవాళ్లూ వచ్చారు. చంద్రమోహన్ ఆ ఎత్తును లెక్కలోకి తీసుకుని కప్పు మరికాస్త పైకి జరిపించాడు.

వరసలో చివరికి మిగిలిన ఇల్లు సోమక్కది. 2008 ఎండాకాలంలో అందులోకి చేరారు. తిప్పేస్వామి మగ్గం బిగించి, కూర్చుని, నాలుగుసార్లు పలక తొక్కి చూసి ఆమె వైపు తిరిగాడు.

"ఏమే, మగ్గం తల యాడా తగల్లేదు" అన్నాడు నవ్వుతూ.

ఆ ఏడాది వానలకు వీధంతా బురదైంది కానీ ఏ మగ్గం గుంతలోకీ చుక్క నీరు రాలేదు. ఆ సంగతి తెలిసి సోమందేపల్లి నుంచి నలుగురు నేతగత్తెలు ఇళ్లు చూడ్డానికి వచ్చారు. తమ ఊళ్లోనూ మగ్గం పట్టని ప్లానే వచ్చిందనీ, ఎవరిని అడగాలో తెలియడం లేదనీ చెప్పుకున్నారు. సోమక్క వాళ్లకు అన్నం పెట్టి, చీర మార్చుకుని వచ్చింది.

"పదండి, మీ ఇంజనీరు ఎవరో సూపిద్దురు" అని వాళ్లతోపాటే బస్టాండుకు బయల్దేరింది.