షోజున్ దీక్షను గెలిపించిన రత్నకుమారక్క

శుక్రవారం ఉదయం రత్నకుమారక్క గుండె ఆగిపోయి ప్రభువు సన్నిధికి చేరిందని నేవన్ పట్టణంలోని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. వృద్ధులను చూసుకునే నర్సింగ్ హోమ్‌లో నాకు పని నేర్పిన మహనీయురాలు ఆమె.

తెనాలి పక్కన పుట్టి, ఆదివారం ఆరాధన ఏనాడూ తప్పని క్రైస్తవురాలు ఒక బౌద్ధ భిక్షువు దీక్షను గెలిపించిందంటే కొత్తవారు నమ్మరు. నేను కళ్లారా చూశాను.

జపాన్ నుంచి వచ్చిన షోజున్ భిక్షువు ఐర్లండ్‌లోని మా ఊరి అంచున ఒక చిన్న ఇంట్లో ఉంటారు. నూరు రోజులు, రోజుకు పాతిక కిలోమీటర్లు జపం చేస్తూ నడవడం ఆయన దీక్ష. ఒక్కరోజు తప్పినా భంగమే. అటువంటి సాధకులకు గంజి కాచిపెట్టడం, పాదరక్షలు సమకూర్చడం వారి దేశంలో గృహస్థుల సేవ. ఇక్కడ ఆ సేవకు డబ్లిన్ నుంచి నలుగురు వచ్చేవారు. ముప్పయ్యో రోజున లాక్‌డౌన్ పెట్టారు. ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటరాదన్నారు. ఆ నలుగురూ రాలేకపోయారు, ఆయన రోజూ నడిచే కొండదారీ అందకుండా పోయింది.

డ్యూటీకి వెళ్తూ రోజూ ఆయనను చూసే అక్క, విషయం తెలిసి మ్యాపు పరిచి, దారం పట్టి ఆయన ఇంటి చుట్టూ ఐదు కిలోమీటర్ల గీత గీసింది. ఆ గీత లోపలే నది ఒడ్డున ఒక చుట్టుదారి కుదిర్చింది. రోజుకు ఐదు చుట్లు. గంజి బాధ్యతా తానే తీసుకుంది. మీ దేవుడు వేరు కదా అని నేనడిగితే ఆమె తలెత్తలేదు.

"దేవుడు వేరైతే ఆకలి వేరవుద్దా? ఆ గిన్నె మీద మూత పెట్టు."

ఒకసారి గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపితే ఆ మ్యాపే చూపించింది. వాళ్లు చూసి, గ్రాండ్, అంటే బాగుందని, వదిలేశారు.

ఎనభై ఒకటో రోజున ఆయన మడమ పగిలి చీము పట్టింది. జీపీ డాక్టరు మందులు రాశారు. అక్క మాస్కు, గ్లవ్స్ వేసుకుని రోజూ డ్యూటీకి ముందు కట్టు కట్టేది. ఆయనతో ఇంగ్లిషులో అన్న మాట నాకు ఇలా చెప్పింది: "నడవొద్దని నేననను. జొరం వచ్చిందంటే మాత్రం నేనే ఆపేస్తా. మీ దీక్ష కన్నా మీ కాలు నాకు ముఖ్యం." ఆయన తలవంచి ఒప్పుకున్నారు. సెలవు రోజుల్లో రెండు మీటర్ల ఎడంగా ఆయన వెనకే నడిచింది. జ్వరం రాలేదు.

నూరో రోజు సాయంత్రం మా ఇళ్ల ఎస్టేటు జనమంతా గేట్ల దగ్గర నిలబడి చప్పట్లు కొట్టారు. షోజున్ అక్క వాకిట మోకరిల్లి నుదురు నేలకు ఆనించారు. అక్క సిగ్గుపడిపోయి, ముందు లేచి కాలు చూపించమంది. అక్క ముఖంలో అంతటి విజయకాంతి నేనెన్నడూ చూడలేదు.

నెల తిరగకుండానే ఆమె వెళ్లిపోయింది. అంత్యక్రియలకు చర్చిలోకి పదిమందికే అనుమతి. షోజున్ బయట కాలిబాట మీద, వానలో, ప్రార్థన ముగిసేదాకా జపం చేస్తూ నిలబడ్డారు. అక్క కూతురు గొడుగు తెచ్చి ఆయన పక్కన నిలిచింది.

పరాయి విశ్వాసాన్ని తన చేతులతో గట్టెక్కించిన ఆ ధన్యజీవికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. గెలిచే వెళ్లింది అక్క. సోమవారం నేను డ్యూటీకి వెళ్తాను. నా తప్పును నా ముఖం మీదే చెప్పి, ఆ వెంటనే దగ్గరుండి దిద్దించే మనిషి అక్కడ ఉండదు.