తాళాలు ఆగినచోటు

నేను పిరికిదాన్ని. ఆ సంగతి ముందే చెప్పేస్తే నయం. తెనాలి డాన్సు స్కూల్లో మాస్టారి దగ్గర సహాయకురాలిగా ఉన్న రోజుల్లో ఆయన దగ్గినా నాకు గుండె దడే. కొత్త బ్యాలేలు నేను కట్టేదాన్ని, అమ్మాయిలకు నేనే నేర్పేదాన్ని. స్టేజి మీద కూర్చుని తాళాలు వాయించేది మాత్రం ఆయన. తాళాలు ఎవరి చేతిలో ఉంటే, నృత్య దర్శకత్వం అంటూ మైకులో వాళ్ళ పేరే చదువుతారు. ఆడవాళ్ళు తాళాలు పడితే సభకు బాగుండదని ఆయన మాట. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ ఏడు రేపల్లెలో వేయడానికి ఉప్పెన మీద బ్యాలే కట్టాను. అల వచ్చి వెళ్ళాక పాటా తాళమూ ఆగిపోతాయి. అమ్మాయిలు సముద్రం వైపు చూస్తూ కదలకుండా నిలబడతారు. మళ్ళీ తాళం మోగితేనే కదలాలి. మాస్టారు ప్రాక్టీసుకు ఒక్కరోజూ రాలేదు. రేపల్లె రైల్లో ఆ చోటు గురించి చెబితే కునికిపాట్ల మధ్య తలూపారు. అప్పుడే నాకు భయం పట్టుకుంది.

స్టేజి మీద అల వచ్చింది, పోయింది. అమ్మాయిలు ఆగారు. తెర పక్క నుంచి నేను మాస్టారినే చూస్తున్నాను. పిల్లలు మర్చిపోయారనుకున్నారు కాబోలు, తాళాలు పైకెత్తారు. అవి మోగితే అమ్మాయిలు తర్వాతి అడుగు వేసేస్తారు. శవాల మధ్య కోలాటం ఆడినట్టుంటుంది. ఎలా కదిలానో తెలియదు, అంత జనం ముందు వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

జనంలో ఎవరో పెద్దావిడ ఏడుస్తోంది. అందరూ ఆ ఏడుపే వింటున్నారు.

"ఎప్పుడు?" అన్నారు మాస్టారు, నా వైపు చూడకుండానే.

"ఇప్పుడండి" అని చెయ్యి వదిలేశాను.

చివర్లో ముఖ్య అతిథి, అలా ఆపడం ఎవరి ఆలోచనని అడిగితే మాస్టారు దండ సర్దుకుంటూ తనదేనన్నారు. నేను అమ్మాయిల గజ్జెలు విప్పుతూ కూర్చున్నాను. తిరుగు రైల్లో తెనాలి రాబోతుండగా, "రేపట్నుంచి స్కూలుకి రావద్దమ్మా" అన్నారు. ఇన్నేళ్ళూ నేను భయపడింది ఆ మాటకే. ఇంటికెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చాను.

బాపట్లలో మా అక్కావాళ్ళ వరండాలో సొంతంగా నేర్పడం మొదలుపెట్టాను. మరుసటి ఏడాది అక్కడి కాలేజీలో అదే బ్యాలే. తాళాలు పట్టుకుని స్టేజి మీద ఓ పక్కన కూర్చున్నాను. మైకతను నా దగ్గరకే వచ్చి, "మాస్టారెక్కడున్నారక్కా? నృత్య దర్శకత్వం పేరు చదవాలి" అన్నాడు.

తాళాలు మోగకుండా గట్టిగా పట్టుకున్నాను.

"నేనే తమ్ముడూ. నా పేరు చదువు" అన్నాను.