నొక్కి చూడని చెయ్యి

మా మేనత్త పోయిందని ఆగిరిపల్లిలో అందరికంటే ముందు తెలిసింది నాకే. ఆ పొద్దున కాఫీ పట్టుకెళ్లి లేపబోయింది నేను. అయినా సమాధి దగ్గర నేను ఏడవలేదని చుట్టాలకి కోపం. "అక్కడ పుట్టిన పిల్ల కదండీ, దానికి మన బాధలేం తెలుస్తాయి" అని ఒకావిడ నాకు వినపడేలాగే గుసగుసలాడింది. ఒకాయన సీసా నీళ్లు చేతిలో పెట్టి, "మా నీళ్లు నీకు పడవమ్మా" అన్నాడు. రెండేళ్లుగా అత్త ఇంటి కుండలో నీళ్లే తాగుతున్నానని చెప్పబుద్ధి కాలేదు.

నేను పుట్టి పెరిగింది బర్మింగ్‌హామ్‌లో. అమ్మ అక్కడ నర్సు, నాన్న బస్సు డ్రైవరు. ఎదురు మాట్లాడితే ఇంట్లో "తెల్లపిల్లవైపోతున్నావే" అనేవారు. బడిలో అన్నం డబ్బా మూత తీస్తే పక్కపిల్లలు ముక్కులు మూసుకునేవారు. సెలవులకి ఇక్కడికొస్తే నా చేత తెలుగు మాట్లాడించి, చప్పట్లు కొట్టేవారు. ఎక్కడున్నా నేను అవతలి ఇంటి పిల్లనే.

అత్తకి మోకాళ్లు నడవనివ్వడం లేదంటే, చదువు అయ్యాక ఒక నెలకని వచ్చి, రెండేళ్లు ఉండిపోయాను. వచ్చిన రోజే పక్కింటావిడ, "ఏమ్మా, నీకు అక్కడ బాగుందా, ఇక్కడ బాగుందా?" అని మొదలుపెట్టింది. అత్త అందుకుంది. "ముందు దాన్ని అన్నం తిననియ్యండి. ఏ దేశం పిల్లో రేపు చూసుకుందాం."

ఆ రేపుని ఆమె ఎప్పుడూ రానివ్వలేదు. అలాగని ముద్దు చేసిందీ లేదు. "నీ తెలుగు వింటే వార్తలు చదువుతున్నట్టుందే" అని పనివాళ్ల ముందే నవ్వేది. సాయంత్రం ప్రార్థనలో మాత్రం, "దీనికి కాస్త నిద్ర పట్టించు ప్రభువా" అనేది. నాకు నిద్ర పట్టదని నేను ఎవరికీ చెప్పలేదు.

అత్త వెనక గదిలో గడ్డి పరిచి, తన తోటలో కాసిన చిన్నరసం మామిడికాయలు వరసగా పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పి మాగబెట్టేది. ఎవరైనా కాయ నొక్కి చూస్తే ఊరుకునేది కాదు. "నొక్కితే పండుద్దా పిచ్చిమొహమా? నొక్కిన చోట కుళ్లుద్ది." తను గుమ్మంలోనే నిలబడి ఊపిరి పీల్చేది. వాసన రాకపోతే తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయేది. అంతే.

అత్త పేరున ప్రార్థనకి అందరూ చేరిన ఆదరణ కూడిక అయిన సాయంత్రం, బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన నాన్న నన్ను పక్కకి పిలిచారు. "గురువారానికి నీకూ టికెట్ తీశాను. తోట ఎవరికైనా కౌలుకిచ్చేద్దాం. ఇక్కడ నీకేముందమ్మా? మన అలవాట్లు వేరు."

బర్మింగ్‌హామ్‌లో 'మన అలవాట్లు' అంటే ఈ ఊరి అలవాట్లు. ఆ మాటతోనే నన్ను అక్కడ రాత్రి పదింటికల్లా ఇల్లు చేర్చేవారు. ఇప్పుడు అదే మాటతో ఇక్కడ నుంచి తీసుకెళ్తానంటున్నారు.

మాట్లాడుతూనే వెనక గది తలుపు తీసి, గడ్డి పక్కకి తోసి, ఒక కాయని బొటనవేలితో గట్టిగా నొక్కారు. "ఇంకా పచ్చే" అన్నారు. అత్త తన చేతులతో పేర్చిన ఆఖరి వరస అది.

ఆయన చేతిలోంచి కాయ తీసుకున్నాను. వేలి గుర్తు పడింది. దాన్ని విడిగా పెట్టి, మిగతావాటి మీద గడ్డి కప్పాను.

"తోట నేను చూసుకుంటాను నాన్నా."

"నీకేం తెలుసని?"

ఆయన వెళ్లాక గుమ్మంలో నిలబడి ఊపిరి పీల్చాను. గడ్డి వాసన తప్ప ఏమీ లేదు. తలుపు దగ్గరగా వేశాను.

గురువారం విమానం నేను ఎక్కడం లేదు.